ఎవరూ లేనివాళ్లకే

రాత్రి వానకు తడిసిన పేపర్లను ఒక్కొక్కటే విడదీసి తాడు మీద ఆరేస్తోంది పేపరమ్మ. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే పని. తాడు నిండిపోయింది. మంచం నిండిపోయింది. బండి పిడి మీద, పొయ్యి గట్టు మీద కూడా వేసింది. ఇంకా మిగిలితే మొగుడి చేతులు రెండూ చాపించి వాటి మీదా వేసింది. అతను అలాగే కదలకుండా నిలబడ్డాడు. నిన్నటి దాకా వెనక గోడ ఉన్నచోట ఇప్పుడు పక్కింటివాళ్ల నీళ్ల డ్రమ్ము, దాని వెనక ఆకాశం కనిపిస్తున్నాయి.

"ఎంతసేపే ఇలా?" అన్నాడతను.

"ఆరిందాకా."

"ఎండ ఉందా?"

ఆమె పైకి చూసింది. మబ్బు పట్టి ఉంది. "ఉంది," అంది.

వీధిలో అందరూ ఆమెను పేపరమ్మ అంటారు. అతన్ని పేపరమ్మ మొగుడంటారు. పాత పేపర్లు, పుస్తకాలు, అట్టపెట్టెలు కొని గోదాముకు వేయడం వాళ్ల పని. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె కుడికాలు చచ్చుబడింది. చంకకర్ర లేకపోతే గుమ్మం దాటలేదు. అతను పెళ్లికి ముందు సున్నం పనికి వెళ్లేవాడు. ఒకరోజు ఉడుకుతున్న సున్నం గుంటలోంచి ఎగిరి కళ్లలో పడింది. మేస్త్రీ అతన్ని ఆసుపత్రి గేటు దాకా తీసుకొచ్చి దింపాడు. ఆ తర్వాత ఆ మేస్త్రీ ముఖం ఎవరూ చూడలేదు. ఇతనికైతే చూసే అవసరమే లేకుండా పోయింది.

బండి ముందు అంచున ఆమె కూర్చుంటుంది, వెనక నుంచి అతను తోస్తాడు. ఆ అంచుకు ఒక రేకు కొట్టించుకున్నారు. కర్రతో రేకు మీద ఆమె తేలిగ్గా తడుతూ ఉంటే బండి ముందుకు పోతుంది. గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే ఎడమకు, రెండు వేస్తే కుడికి. చప్పుడు ఆగిందా, అతనూ ఆగిపోతాడు. నోటితో చెప్పొచ్చు కదా అని అడిగేవాళ్లు అడిగారు. నోరు "పాత పేపర్లూ" అని అరవడానికి కావాలి మరి. బండి లేకుండా నడిచినా అదే అలవాటు. నేల మీద కర్ర తడుతూ ఆమె ముందు, ఆ చప్పుడు పట్టుకుని అతను వెనక. పెళ్లైన కొత్తలో ఒకసారి ఆమెకు దగ్గు తెర వచ్చి తట్టడం ఆపితే నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. వెనక లారీవాడు హారన్ మోగించాడు, తర్వాత తల బయటపెట్టి తిట్టాడు. అయినా ఇతను కదల్లేదు. "ఒక పక్కకి జరగొచ్చు కదయ్యా," అని ఆమె కూడా తిడితే, "నువ్వు చెప్పలేదుగా," అన్నాడు.

ఇంటాయన గొడుగు మూసుకుంటూ వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి కూలిన గోడ వైపు చూశాడు. చేతులు చాపుకుని పేపర్లు ఆరబెడుతున్న మనిషిని కూడా కాసేపు చూశాడు.

"ఇంత బరువు గోడకి ఆనిస్తే కూలదా మరి?" అన్నాడు.

"కాగితాలయ్యా అవి."

"కాగితమైతే బరువుండదా? తూకం వేసేగా అమ్ముతావు."

ఈసారి మొగుడే మాట్లాడాడు. "నా కళ్లలో పడినంత సున్నం కూడా ఈ గోడలో పడలేదయ్యా. పొద్దున్న చేత్తో నలిపి చూశాను, అంతా మట్టే."

ఇంటాయనకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. మేస్త్రీని పిలిచి కట్టించుకుంటే ఉండండి. లేదంటే సామాను తీసుకెళ్లండి. ఇలా వదిలేస్తే కప్పు కూడా దిగుతుంది. ఆ తర్వాత మీకేమన్నా అయితే జనం నన్నంటారు."

"అద్దె ఎప్పుడైనా ఆపామా అయ్యా?"

"ఆపారన్నానా నేను?" అన్నాడాయన. నిజమే, ఆయన ఆ మాట అనలేదు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రీ వచ్చి చూసి ఇటుకలకూ సిమెంటుకూ కూలికీ కలిపి ఏడువేలన్నాడు. వీళ్లు కిలో పదికి కొని పదమూడుకు వేస్తారు. బండి నిండిన రోజున తిండికి పోను వంద మిగిలితే గొప్ప. ఉన్న పెట్టుబడంతా ఆ పేపర్లే. గోదామువాడు తడిసిన కట్టను బొటనవేలితో నొక్కి చూసి, కిలో మూడుకు తీసుకుంటానన్నాడు, అదీ మొహం చూసి. బదులు అడిగితే, గోడలకు బదులిచ్చే అలవాటు తనకు లేదన్నాడు.

ఆ గది పోతే ఇంకోటి దొరకదు. ఇది దొరకడానికే వాళ్లు ఒక ఎండాకాలమంతా తిరిగారు. ఒకచోట మెట్లున్నాయి. ఒకచోట, "ఇద్దరిలో ఒకరు బాగుంటే ఇచ్చేవాళ్లం," అన్నారు. ఒకావిడ చల్లటి నీళ్లిచ్చి, బాగా జాలిపడి, "మా పిల్లలు జడుసుకుంటారు తల్లీ," అంది. ఇక మిగిలింది అయినవాళ్లు. అతని అన్న అతన్ని ఒక్కణ్ణీ అయితే వరండాలో పడుకోనిస్తాడు. ఆమె అక్క ఆమెను ఒక్కదాన్నీ అయితే రమ్మంటుంది, కూర్చుని చేసే పనులు ఆ ఇంట్లో బోలెడున్నాయి. ఆ రెండు ఇళ్ల మధ్య ఒక పూట బస్సు ప్రయాణం. ఇద్దరినీ కలిపి పెట్టుకునేవాళ్లు లేరు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒకరితో ఒకరు అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే సాయం చేసే సంఘానికి వెళ్లారు. పెద్ద హాలు, దాని పక్కనే చిన్న ఆఫీసు గది. గదిలో ఒక గుమాస్తా చెవి మీద పెన్ను పెట్టుకుని అదే పెన్ను కోసం బల్లంతా వెతుకుతున్నాడు.

"చెవి మీదుందండీ," అంది పేపరమ్మ.

అతను పెన్ను తీసుకుని, సిగ్గుపడి, "కూర్చోండి," అన్నాడు. కూర్చోబెట్టి, గోడ గురించి ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఒకసారి అయ్యో అన్నాడు కూడా. అంతా విన్నాక పెన్ను మూత బిగించాడు.

"ఆదుకునే దిక్కు ఎవరూ లేనివాళ్లకేనమ్మా ఇక్కడ ఇచ్చేది. అది సంఘం పెద్దాయన పెట్టిన నియమం."

"మాకెవరున్నారండీ?"

గుమాస్తా ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. "ఆయనకి నువ్వున్నావు. నీకు ఆయనున్నాడు."

"ఇద్దరం ఇలాంటివాళ్లమే కదండీ."

"అదే చెప్తున్నా. కళ్లు నీవి, కాళ్లు ఆయనవి. కలిపితే ఒక నిండు మనిషి. నిండు మనిషికి ఇవ్వరమ్మా ఇక్కడ."

వెటకారం లేదు అందులో. లెక్క చెప్పినట్టు చెప్పాడు. పేపరమ్మ మొగుడు తల కాస్త పక్కకు వంచి విన్నాడు. "అయితే మేం బాగానే ఉన్నామన్నమాట," అన్నాడు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యండి. ఒక్కరే రండి. ఆదివారం పొద్దున హాల్లో సభ ఉంది, పెద్దాయన తన చేత్తో ఇస్తాడు. ఏడున్నర వేలు. నీకెవరున్నారని అడుగుతాడు, ఆయనకదో అలవాటు. ఎవరూ లేరని మైకులో చెప్పాలి. అంతే. కాగితం సంగతి నేను చూసుకుంటా."

"ఎవరు రావాలి?"

"ఆయన్ని పంపు. కళ్లైతే జనం కరుగుతారు. కాళ్లవాళ్లు ఈసారి ఇప్పటికే చాలామందున్నారు."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. చచ్చుబడిన కాలిని ఎవరో గిచ్చినట్టుంది, గిచ్చారని కనబడుతోంది గానీ నొప్పి లేదు. "సరేనండీ," అని లేచింది. కర్ర తడుతూ బయటికి నడిచింది, ఆ చప్పుడు వెంట అతను నడిచాడు.

ఇంటికొచ్చే దారిలో ఆమే అంది. "ఒక్క మాటేగా. నోటి నుంచి వచ్చి గాల్లో పోతుంది. గోడ ఉండిపోతుంది."

అతను కొంతదూరం నడిచాడు. తర్వాత, "నువ్వు చెప్పమంటే చెప్తాను," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఆరినవీ ఆరనివీ కట్టలు కడుతూ అతనికి నేర్పించింది.

"నీకెవరున్నారు నాయనా?" అని పెద్దాయన గొంతు పెట్టి అడిగింది.

"ఎవరూ లేరు."

"నాకెవరూ లేరు అను. గట్టిగా. మైకు దూరంగా పెడతారేమో."

"నాకెవరూ లేరు."

"బానే వచ్చిందే. ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నావేంటి లోపల్లోపల?"

మామూలుగా అయితే దీనికి నాలుగు మాటలు తిరిగొచ్చేవి. ఈసారి అతను కట్ట మీద తాడు బిగించి, ముడి వేసి, ముడి మీద వేలు అలాగే ఉంచాడు. "నువ్వెక్కడుంటావు?"

"వెనక. జనంలో."

"కర్ర కొడతావా?"

"కొడితే తెలిసిపోదూ? ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు, వాళ్లే తీసుకొస్తారు. నేను కొట్టను."

"సరే," అన్నాడతను. ఇంకోసారి అడిగించుకోకుండానే, "నాకెవరూ లేరు," అన్నాడు. ఆమె తలూపింది. తలూపితే అతనికి తెలియదని తర్వాత గుర్తొచ్చింది.

ఆదివారం బండిని రెండు వీధుల అవతలే వదిలేశారు. ఉతికిన చొక్కా వద్దని గుమాస్తా ముందే చెప్పాడు, అందుకని మాసిందే వేసింది. గేటు దగ్గర గుండె మీద బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను అందరికీ దారి చూపిస్తున్నాడు. పేపరమ్మ తన మొగుడి మోచెయ్యి అతని చేతికిచ్చింది.

"ఎవరో పాపం రోడ్డు మీద దారడుగుతుంటే తీసుకొచ్చానండీ."

"మంచిపని చేశావమ్మా," అన్నాడు బ్యాడ్జీ అతను.

మొగుడు తలైనా తిప్పలేదు. ఎవరూ లేనివాడు అలాగే ఉండాలి కాబట్టి బాగానే చేస్తున్నాడనుకుంది. వెనక వరుసలో కూర్చుని చంకకర్రను కుర్చీ కిందకు తోసేసింది. పక్క కుర్చీలో ఒక లావుపాటావిడ చిన్న విసనకర్రతో విసురుకుంటోంది. ఆ గాలి కొంచెం ఈమెకూ తగులుతోంది.

"మీవాళ్లెవరన్నా తీసుకుంటున్నారా?" అందావిడ.

"లేరండీ, ఊరికే వచ్చాను," అంది పేపరమ్మ. ఏ సాధనా లేకుండానే వచ్చేసింది మాట. అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

బల్లలు కలిపి, వాటి మీద తివాచీ పరిచి వేదిక చేశారు. మనిషి నడుమంత ఎత్తుంది. అంచుకు అడ్డం ఏమీ లేదు. మెట్లు, జనం వైపు తిరిగి నిలబడేవాళ్లకు, ఎడమ పక్కన ఉన్నాయి. పెద్దాయన ఇనుప సామాను వ్యాపారం చేస్తాడని, మెత్తటి మనిషని పక్కావిడ చెప్పింది. చూడటానికి కూడా అలాగే ఉన్నాడు. ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుని, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు. ముందు ఒక ముసలాయన వచ్చి ఏడ్చాడు, చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక నిండు గర్భిణి వచ్చింది, ఏడవలేదు, చప్పట్లు కాస్త తగ్గాయి. ఆ తర్వాత బ్యాడ్జీ అతను పేపరమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టి మెట్లెక్కించాడు.

దూరం నుంచి అతన్ని చూడటం ఆమెకు కొత్త. ఎప్పుడూ తన వెనకే ఉండే మనిషి. ఇంత పొట్టివాడా అనిపించింది. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టింది తను. ఇంత దూరానికి కూడా అది కనిపిస్తూనే ఉంది.

"నీకెవరున్నారు నాయనా?" అన్నాడు పెద్దాయన.

మైకు మూతి దగ్గర పెట్టారు. అతను కాస్త ఆగాడు. మరిచిపోయాడేమోనని ఆమె భయపడింది.

"నాకెవరూ లేరు," అన్నాడు. నేర్పినట్టే, గట్టిగా, ఒక్క అక్షరం తేడా లేకుండా. హాలు గోడలకు తగిలి ఆ మాట ఇంకోసారి వినిపించింది.

చప్పట్లు బాగా పడ్డాయి. పక్కావిడ విసనకర్ర ఆపి కళ్లు తుడుచుకుంది. "పెళ్లాం కూడా లేదు కాబోలు పాపం. ఉంటే ఇలా వదిలేస్తుందా?" అంది.

"వదలదండీ," అంది పేపరమ్మ. తనకేమీ అనిపించలేదు. గోడ గురించి ఆలోచించింది. ఇటుకలు రేపే దింపించాలి. ఇంటాయనకు ఈరోజే చెప్పాలి.

పెద్దాయన కవరు అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇవాళ్టి నుంచి నీకు మేమున్నాం," అన్నాడు. ఫొటో తీసేవాడు బ్యాడ్జీ అతన్ని పక్కకు పొమ్మని సైగ చేశాడు. అతను మొగుడి మోచెయ్యి వదిలి దూరంగా జరిగాడు. లైటు మెరిసింది. ఇంకోసారి మెరిసింది. పెద్దాయన చేతులు తీసేసుకుని తర్వాతి మనిషి కోసం మెట్ల వైపు చూశాడు. మెట్ల కింద ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకుని సిద్ధంగా ఉంది.

పేపరమ్మ మొగుడు కదల్లేదు. వేదిక మధ్యలో కవరు పట్టుకుని నిలబడ్డాడు.

"అయిపోయింది, దిగు నాయనా," అన్నాడు పెద్దాయన.

నిలబడే ఉన్నాడు.

"చెవులు కూడా లేవేమో," అని ముందు వరుసలో ఎవరో అంటే కొందరు నవ్వారు. బ్యాడ్జీ అతను వచ్చి మోచెయ్యి పట్టుకుని లాగాడు. మొగుడు ఆ చేతిని మెల్లిగా, మర్యాదగా విడిపించుకున్నాడు. ఇంకోసారి లాగితే ఇంకోసారి విడిపించుకున్నాడు. బ్యాడ్జీ అతను చేతులు దులుపుకుని పెద్దాయన వైపు చూశాడు. నవ్వులు ఆగిపోయాయి. చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

అతని తల కొద్దిగా పక్కకు వంగి ఉంది. అలా ఎప్పుడు వంగుతుందో ఆమె ఒక్కదానికే తెలుసు. బండి వెనక నిలబడి రేకు చప్పుడు కోసం వినేప్పుడు అలా ఉంటుంది. అతను మొండికెయ్యలేదు, భయపడలేదు. చప్పుడు లేదు కాబట్టి ఆగాడు. ఎంతసేపైనా ఆగుతాడు. లారీ వచ్చినా ఆగిన మనిషి.

ఎవరో ఒకరు దింపుతారులే అనుకుంది. ఊరుకుంటే గోడ వస్తుంది. కవరు ఇప్పటికే చేతిలో ఉంది, కాసేపు ఊరుకోవడమే తను చెయ్యాల్సిన పని. ఇంటాయనా, అన్న వరండా, అక్క ఇంటి వంటగదీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఊరుకుంది. అతను తల ఇంకాస్త వంచాడు. అంతమంది మధ్య, అన్ని దగ్గుల మధ్య, గుసగుసల మధ్య ఒక్క చప్పుడు కోసం వెతుక్కుంటున్నాడు. అది దొరకడం లేదు. అతని ముఖంలో ఏదో సర్దుకుపోవడం ఆమెకు కనిపించింది, నోటితో చెప్పిన మాట నిజమేనని ఇప్పుడే ఎవరో అతనికి చెప్పినట్టు.

గోడ కూలినప్పుడు రాని భయం ఆమెకు అప్పుడు వచ్చింది.

వంగి కుర్చీ కింద నుంచి కర్ర లాగింది. పక్కావిడ కాలికి తగిలింది. నాపరాతి నేల మీద బలమంతా పెట్టి ఒక్క దెబ్బ కొట్టింది.

అతను ఎడమకు తిరిగాడు.

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. చంకలో కర్ర పెట్టుకుని లేచి నిలబడిన ఆమెను, ఆమె కాలిని, వేదిక మీద తిరిగిన మనిషిని జనం మార్చి మార్చి చూశారు. విసనకర్ర ఆవిడ కాలు రుద్దుకుంటూ, "ఎవరమ్మా ఆయన?" అంది.

"నా మొగుడు," అంది పేపరమ్మ. మైకు లేకపోయినా అందరికీ వినిపించింది.

కుర్చీ వీపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కర్రను నేల మీద తేలిగ్గా తట్టడం మొదలుపెట్టింది. అతను ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. పెద్దాయన ఒక చెయ్యి ముందుకు చాపాడు, పడకుండా పట్టుకోవడానికో, కవరు తీసుకోవడానికో తెలియలేదు. గుమాస్తా వద్దు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపుతూ వరుసల మధ్య నుంచి ఆమె వైపు వస్తున్నాడు. చెవి మీద పెన్ను జారి కింద పడింది. తీసుకోకుండా దాన్ని దాటుకుని వస్తున్నాడు.

మెట్లు ఇంకా కొంచెం దూరంలో ఉన్నాయి. ఆమె తడుతూనే ఉంది.